పోయినోళ్లు, వచ్చినోళ్లు, రాసుకున్నోళ్లు

ఈ మధ్య మా దిక్కు పొలంగట్ల మీద తిరగాలంటె హిందీ వచ్చుండాలె. వనపర్తి నుంచి పెబ్బేరు దాక, ఇటు బిజినేపల్లి నుంచి నాగర్‌కర్నూలు దాక, వానకాలం నాట్లప్పుడు ఏ మడి చూసినా మోకాళ్ల మీదికి ప్యాంట్లు మడిచిన మగపిల్లలే వంగి నాటేస్తుంటరు. బీహారోళ్లు, యూపీవోళ్లు, బెంగాలోళ్లు. మా దినాలల్ల నాటంటె ఆడోళ్ల పని. మగోడు మడి దున్నాలె, గట్టు చెక్కాలె, నారుకట్టలు మోసి మడిల ఇసిరెయ్యాలె. అంతే. నాటుకు వంగిన మగోన్ని చూస్తె ఊరంత నవ్వుతుండె. ఇంకోటి, పాట లేకుంట నాటు పడకపోతుండె. ఒకామె ఎత్తుకుంటె పదిమంది అందుకుంటుండ్రి, నడుము నొప్పి తెల్వకపోతుండె. ఈ పిల్లలు చెవులల్ల ఏందో పెట్టుకొని ఎవని పాట వాడు ఇంటడు. ఎకరాకింత అని మాట్లాడుకుంటరు, పొద్దుగూకక ముందే ముగిస్తరు, ఇంకో ఊరికి బండెక్కుతరు. పని మంచిగనే చేస్తరు. అది కాదంటె కండ్లు పోతయి. నా గొణుగుడు వేరే ఉన్నది.

మా దినాలల్ల ఈ గడ్డకు మనుషులను పంపుడే తెలుసు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అని మూడు జిల్లాలు అప్పుడు యాడివి? 2016 అక్టోబరు 11 దాక అంత ఒక్కటే మహబూబ్‌నగర్ జిల్లా, మా నోట్ల పాలమూరు. కృష్ణమ్మ, తుంగభద్ర ఇద్దరూ మా ఒడ్డునే పోతరు. పోతుంటె మేము చూసేది. నాగార్జునసాగర్‌కు 1955ల పునాదిరాయి పడ్డది, మట్టి మోయ మా ఊరోళ్లు పోయిండ్రు. తర్వాత శ్రీశైలం. శ్రీశైలం కత మరీ విచిత్రం. మట్టి మోసినోళ్లల్ల మేమున్నం, నీళ్లు నిండినంక మునిగిన ఊర్లల్ల మా కొల్లాపురం, అలంపురం దిక్కు ఊర్లున్నయి. కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని రాయికి రాయి ఊడదీసి అలంపురానికి తెచ్చి మల్ల నిలవెట్టిండ్రు. దేవుడు గూడ వలస వచ్చిండురా అని మా నాయిన అనేటోడు. దేవుని రాళ్లన్నీ లెక్కకు దొరికినయి. మునిగిన ఊర్ల మనుషులు ఎవరు యాడ తేలిండ్రో లెక్క పెట్టినోడు లేడు.

గుంపు మేస్త్రి అంటె ఇప్పటి పిల్లలకు తెల్వదు. చెప్త. వానలు ఎనకపట్టు పట్టి, జొన్నచేను మోకాలెత్తుల ఎండిపోయినంక, ఇంట్ల గింజలు అడుగంటే యాళకు సక్కగ వచ్చి అరుగు మీద కూసునేటోడు. కొత్తోడేమీ కాదు, మన ఊరోడో పక్కూరోడో, పెండ్లికీ చావుకూ కనబడేటోడే. ఆలుమగలిద్దరిని ఒక జతగ లెక్కగట్టి జతకింత అని అడ్వాన్సు చేతిల పెట్టేటోడు. ఆ పైసలు అప్పటికే షావుకారికి బాకీ ఉంటుండె, కాబట్టి ఒక చేతిలకెంచి ఇంకో చేతిలకు పోయేది. ఇగ కాంట్రాక్టరు యాడికంటె ఆడికి. కర్ణాటక కాలువలు, మహారాష్ట్ర రోడ్లు, గుజరాతు కట్టలు. జొరమొచ్చిన దినం కోత, వాన పడ్డ దినం కోత, తిండిగింజల పైసలు కోత. ఏడాది తిరిగి వచ్చి లెక్క చూస్తె ఇంకా మనమే బాకీ ఉండేది. బాకీ తీరాలంటె మల్ల పోవాలె. వెట్టి రద్దు చట్టం 1976ల వచ్చింది. 1979ల అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కూలీలను పక్క రాష్ట్రానికి తీస్కపోయేటోనికి లైసెన్సు ఉండాలె, ప్రతి కూలీ చేతిల ఫొటో అంటించిన పాస్‌బుక్కు ఉండాలె, నెల జీతంల సగం వలస భత్యం ముందే ఇయ్యాలె అని అందుల రాసిండ్రు. నేను బడిపంతులుగ ఎన్ని ఊర్లు తిరిగినా ఆ పాస్‌బుక్కు రంగు ఎట్లుంటదో చూడలే.

బళ్లె గూడ ఆ లెక్క కనబడుతుండె. దసరా సెలవులు అయిపోయి బడి తెరిస్తె హాజరుపట్టీల పేర్లన్నీ ఉంటుండె, పిల్లలు సగం ఉండకపోతుండ్రి. పెద్దోడు తట్ట మోయ, చిన్నది గుడిసెల తమ్మున్ని ఎత్తుకోను. పేరు కొట్టేస్తె బడికి పిల్లల లెక్క తగ్గుతదని పై వాళ్ల బాధ, పెడితె అబద్ధమని నా బాధ. ఉగాదికి కొందరు వచ్చేటోళ్లు. ఎక్కాలు మర్చిపోయి, మరాఠీ తిట్లు నేర్చుకొని.

బొంబాయి దారి ఇంకా పాతది. కామాటిపురా అంటె ఇప్పుడు సినిమాలల్ల వేరే పేరుబడ్డది గని, ఆ వాడ పుట్టిందే నిజాం ఇలాఖా నుంచి పోయి ఇండ్లు కట్టిన తెలుగు కామాటోళ్లతోని. బొంబాయి గోడలల్ల మనోళ్ల చెమట రెండు వందల ఏండ్లది. మక్తల్ దిక్కు నుంచి, నారాయణపేట దిక్కు నుంచి బొంబాయి బస్సెక్కి పోయేటోళ్లను చూస్తుంటె మా చిన్నప్పుడు అదేదో గొప్ప అనుకునేది. ఎక్కినోళ్ల నెత్తి మీద మూటల జొన్నలున్నయని, అక్కడ కొనుక్కునే తాహతు లేదని తర్వాత తెలిసింది.

మా రోజులు బంగారమని ఎవడన్న అంటె నాకు కోపమొస్తది. ఆకలి రోజులవి. అయినా నేను పట్టుకొని ఏలాడేది ఒక్క ముచ్చట. అప్పుడు పోయినోళ్ల కత మన మధ్యల్నే తిరిగేది, మన మాటల్నే ఉండేది. పోయినోడు వచ్చి రచ్చకట్ట మీద చెప్తుండె, ఆడోళ్లు నాట్లల్ల పాడుతుండ్రి. తెలకపల్లి దిక్కు గౌరారం గోరటి వెంకన్న మా తర్వాతోడు. ఆయన పాలమూరు కరువు మీద పాట కడితె, ఆ పాట పోయినోళ్లు గూడ ఇన్నరు, పంపినోళ్లు గూడ ఇన్నరు. 2021ల ఆయనకు సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చిందంటె మా దిక్కు ఎవరికీ వింత అనిపియ్యలే.

చదువు సంగతికి వస్త. గద్వాల సంస్థానానికి విద్వద్గద్వాల అని పేరు. తిరుపతి వేంకట కవులు అంతటోళ్లు కోస్త దిక్కు నుంచి గద్వాలకు, ఆత్మకూరుకు వచ్చి అవధానాలు చేసి సన్మానాలు అందుకున్నరు. అప్పటి వలస తీరు గమ్మత్తుగుంటది. చదువున్నోడు మా దిక్కు వస్తుండె, చదువు లేనోడు మా దిక్కు నుంచి పోతుండె. ఆ శాలువలకు, ఆ కంకణాలకు పైసలు మా తాతలు కట్టిన శిస్తులకెంచే వచ్చినయి, అది గూడ రాసి పెట్టుకోండ్రి.

ఆ సంస్థానంల, ఇటిక్యాలపాడుల 1896ల పుట్టినోడు సురవరం ప్రతాపరెడ్డి. 1926ల గోలకొండ పత్రిక పెట్టిండు. తెలంగాణల కవులు లేరని ఎవడో అంటె 1934ల గోలకొండ కవుల సంచిక తెచ్చి 354 మందిని వరుసగ నిలవెట్టిండు. 1952ల మా వనపర్తి నుంచే శాసనసభకు గెలిచిండు. ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ చదివినోళ్లకు తెలుస్తది. రాజుల యుద్ధాలు పక్కకు పెట్టి జనం ఏం తిన్నరు, ఏం కట్టిండ్రు, ఏ ఆటలాడిండ్రు అని కావ్యాలు జల్లెడ పట్టి తీసిండు. తెలుగుకు మొదటి సాహిత్య అకాడెమీ బహుమానం 1955ల ఆ పుస్తకానికే, అప్పటికి ఆయన లేడు. ఇప్పుడు హైదరాబాదుల తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టిండ్రు. పేరు పెట్టుడు సులువే. ఆయన చేసినట్టు, జనం కత జనం భాషల రాసుడు కష్టం.

మా నాగర్‌కర్నూలు కపిలవాయి లింగమూర్తి గారిది అదే తొవ్వ. పాలెం ప్రాచ్య కళాశాలల పాఠం చెప్పుకుంట, ఊరూరు తిరిగి, గుడి గుడికి పోయి, శాసనాలు చదివి, పాలమూరు జిల్లా దేవాలయాల మీద, స్థలాల కతల మీద రాసుకుంట పోయిండు. ఆ పుస్తకాలు అడిగితె ఆయన చేతిల నుంచే తెచ్చుకునేది. 2018ల పోయిండు. బయటోళ్లు రాలేదా అంటె వచ్చిండ్రు. 1940ల హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా ఆయన మా అమ్రాబాద్ మీదికి ఎక్కి చెంచుల పెంటలల్ల ఉండి, 1943ల చెంచుల మీద పెద్ద పుస్తకం అచ్చేసిండు. లండన్‌ల అచ్చయిన ఆ పుస్తకం మన్ననూరు చెంచు చేతికి ఏనాడన్న వచ్చిందా అని నన్ను అడగకండ్రి.

ఇప్పుడు చదువు ఎట్ల నడుస్తున్నది? మొన్నామధ్య ఒక పిల్ల వచ్చింది. హైదరాబాదుల పీహెచ్‌డీ, వలస మీద. ‘నమస్తే తాతా’ అని మర్యాదగనే కూసున్నది, చాయ్ తాగింది. చేతిల ట్యాబ్, అందుల ప్రశ్నలు. మీ కుటుంబం నుంచి వలస వెళ్లిన వారు ఎవరు, అది సీజనల్‌నా, పర్మనెంటా, ఇతరములా? మా నాయిన సాగర్‌కు పోయిండు, వచ్చిండు, శ్రీశైలం పోయిండు, వచ్చిండు, షోలాపూరుల రెండేండ్లున్నడు, చివరికి వచ్చి మా చింతచెట్టు కింద పోయిండు. ఏ గళ్లె పెడతవు బిడ్డా అంటె, కొంచెం ఆలోచించి ‘ఇతరములు పెడతా తాతా’ అన్నది. పాపం, ఆమె తప్పేమీ లేదు. ఇదంత తెలుగుల రాస్తవా అని అడిగిన. ‘గైడ్ ఒప్పుకోరు తాతా, జర్నల్‌లో రావాలంటే ఇంగ్లీషే’ అన్నది. పోనీ అచ్చయినంక నాకొకటి పంపమన్న. ‘అది డౌన్‌లోడ్‌కి డాలర్లు అడుగుతది తాతా’ అన్నది. మా నాయిన కత, మా ఇంట్ల చాయ్ తాగుకుంట రాసుకున్న కత, నేను చదవాలంటె డాలర్లు!

అట్లని మా గురించి తక్కువ రాసిండ్రని కాదు. అసలు దునియల మా అంత పరీక్షలకు గురైన పల్లెలు తక్కువ ఉంటయి. పటాన్‌చెరుల పంటల పరిశోధన చేసే ఇక్రిశాట్ వాళ్లు 1975ల పాత పాలమూరు జిల్లాల ఔరేపల్లి, డోకూరు అని రెండూర్లు పట్టుకున్నరు. ఊర్ల మనిషిని పెట్టి ఇంటింటికి తిరిగి, ఏం తిన్నరు, ఎంత అమ్మిండ్రు, ఎవరి దగ్గర చేబదులు తెచ్చిండ్రు అని ఏండ్లకేండ్లు రాసిండ్రు. ఆ లెక్కలతోని అమెరికాల ఎంతమంది ప్రొఫెసర్లయిండ్రో! రాబర్ట్ టౌన్సెండ్ అనే ఆయన 1994ల అర్థశాస్త్రంల పెద్ద పత్రిక ‘ఎకనామెట్రికా’ల రాసిండు. ఔరేపల్లి, మహారాష్ట్రల ఇంకో రెండూర్లు చూసి, ఒక ఇంట్ల పంట పోతె ఆ ఇంటి తిండి అదే లెక్కన పడిపోదు, ఊరంత సర్దుకుంటదని తేల్చిండు. మా అవ్వనడిగితె చాట చేతిల పట్టుకొని ఒక్క మాటల చెప్తుండె. అయితె ఒకటి ఒప్పుకోవాలె. ఆ మూడూర్లల్ల ఒక ఊర్ల భూమి లేనోళ్లకు ఈ సర్దుబాటు తక్కువ అందిందని గూడ ఆయన లెక్కల తేలింది. అది మా అవ్వ చెప్పకపోతుండె. మేస్త్రి అరుగెక్కింది ఎక్కువగ ఆ భూమి లేనోళ్ల ఇండ్లల్లనే.

డేవిడ్ పిచెరిట్ అని ఒక ఫ్రెంచాయన మహబూబ్‌నగర్ కూలీల ఎంబడి తిరిగి, మేస్త్రీలు ఎట్ల లీడర్లవుతున్నరో, ఊర్ల రాజకీయం ఎట్ల మారుతున్నదో రాసిండు. ఇంకో వింత ఇనుండ్రి. షియాంగ్ బియావ్ అని చైనాల పుట్టిన పరిశోధకుడు, హైదరాబాదుల, ఆస్ట్రేలియా సిడ్నీల మన తెలుగు కంప్యూటర్ పిల్లల మధ్యల తిరిగి 2007ల ఒక పుస్తకం తెచ్చిండు. కన్సల్టెన్సీలు పిల్లలను పోగుచేసి ఎట్ల పంపుతయి, పని లేనప్పుడు బెంచ్ మీద ఎట్ల కూసోబెడతయి, జీతంల ఎంత కోసుకుంటయి, ఆ పిల్లగాని కట్నం ఎట్ల పెరుగుతది అని అంత అందుల ఉన్నది. మా చిన్నోడు దాని సంగతి చెప్తుంటె నేను నడుమల్నే ఆపి, ఇది మన గుంపు మేస్త్రి కత కదరా అన్న. ఆ మేస్త్రి గడ్డపార పట్టినోన్ని తీస్కపోయిండు, ఈ మేస్త్రి కీబోర్డు పట్టినోన్ని. ఒక పాలమూరోడు రాయాల్సిన పుస్తకం చైనా ఆయన ఇంగ్లీషుల రాసిండు. రాసినందుకు ఆయనకు దండం. మనోడు రాయనందుకే నా గొణుగుడు.

ఇంగ్లీషు పుస్తకాలంటె ఇంకో చిన్న ముచ్చట. ఓరియంట్ లాంగ్‌మన్ అని దేశంల పేరుబడ్డ ఇంగ్లీషు పుస్తకాల సంస్థ, ఇప్పుడు ఓరియంట్ బ్లాక్‌స్వాన్, దాన్ని నిలబెట్టింది మా వనపర్తి రాజా రామేశ్వరరావే. రాజుగారి ప్యాలెస్‌ల 1959ల పాలిటెక్నిక్ పెట్టిండ్రు. మా దిక్కు పల్లెల పిల్లలు దర్బారు మేడలల్ల కూసోని మిషిన్ల బొమ్మలు గీసుడు నేర్చుకున్నరు. మా చిన్నోడు ఆ గేటుల నుంచే బయటపడి, హైదరాబాదు పోయి, ఆడి నుంచి టెక్సాసు పోయిండు.

టెక్సాసుల మావోడు ఇల్లు కట్టిస్తుంటె నేను చూసిన. ఆ కాలనీల సగం మంది తెలుగోళ్లే. ఇండ్లు కట్టేది మాత్రం మెక్సికోళ్లు, ఇంకా దక్షిణాన హోండురాసు, గ్వాటెమాల వాళ్లు. మిట్టమధ్యాన్నం పని ఆపి, కడుతున్న గోడ నీడకు వరుసగ కూసోని మక్కరొట్టెలు ఇప్పి మిరపకాయ కొరుక్కుంట తింటుంటె, సాగర్ కాలువ గట్టున జొన్నరొట్టె మిరపకారం తింటున్న మా నాయిన గుంపును చూసినట్టే అనిపించింది. మావోడు వాళ్లతోని మాట్లాడడు. పైసలు కాంట్రాక్టరుకిస్తడు. కాంట్రాక్టరు ఇంకోనికిస్తడు. ఆ ఇంకోడు ఎవడో నాకు చెప్పాల్సిన పని లేదు.

మా మనవరాలు కాలేజీల ఆ లాటినో జనం చరిత్ర ఒక క్లాసుగ చదివింది. ఆమె చెప్పంగనే నాకు తెలిసింది. 1942 నుంచి 1964 దాక అమెరికా సర్కారే మెక్సికో నుంచి కూలీలను కాంట్రాక్టు మీద పిలిపించుకున్నది, బ్రసేరోలనేటోళ్లు. మొత్తం 46 లక్షల దాక కాంట్రాక్టులు. తొలి ఏండ్లల్ల కూలిల పదో వంతు దాచిపెడతమని కోసుకున్నరు, ఆ దాచినది చాలమందికి చేతికే రాలే. కాలిఫోర్నియా చేండ్లల్ల పొట్టి పిడి పారతోని పొద్దంత నడుము వంచి కలుపు తీయించిండ్రు, ఆ పారను 1975 దాక నిషేధించలే. ఇదంత ఇంటుంటె ఏదో పరాయి దేశం ముచ్చటనిపియ్యలే.

నాకు అసూయ పుట్టింది ఆ తర్వాతి ముచ్చటకు. ఆ కూలీల పిల్లలు కాలేజీలకు పోయినంక, మా గురించి మేము చదువుకునే శాఖ కావాలె అని లొల్లి పెట్టిండ్రు. 1968ల లాస్ ఏంజెలెస్‌ల ఒక సర్కారు యూనివర్సిటీల మెక్సికన్ అమెరికన్ చదువుల శాఖ వచ్చింది. అదే ఏడాది శాన్ ఫ్రాన్సిస్కోల పిల్లలు సమ్మెకు కూసుంటె అది నెలల తరబడి నడిచింది, 1969ల అక్కడ జాతుల చదువుకు ఒక కాలేజీయే వచ్చింది. ఇప్పుడు ఆ శాఖలల్ల గొడవలున్నయట. మెక్సికోళ్ల చదువు అని పెట్టుకున్నదాంట్ల గ్వాటెమాలోడు, సాల్వడోరోడు యాడ కూసుంటడని. గొడవ పడనీ. గొడవ పడనీకె ఒక గది అన్న ఉన్నది. మాకు పాలమూరు విశ్వవిద్యాలయం 2008ల వచ్చింది. పోతున్నోళ్ల, వస్తున్నోళ్ల కతలు తెలుగుల రాసి, అచ్చేసి, ఊర్ల పంచే గది ఒకటి అందుల కావాలని ఎవడన్న సమ్మెకు కూసుంటె, ఈ వయసుల నేను గూడ పోయి కూసుంట.

మా మనవరాలు తెలుగు మాట్లాడుతది. చదవరాదు. 2010 నుంచి 2017 లోపల అమెరికాల తెలుగు మాట్లాడేటోళ్లు 86 శాతం పెరిగిండ్రని, అన్ని భాషలకన్న మనదే ముందున్నదని పేపరోళ్లు పండుగ చేసిండ్రు. మాట్లాడే నోర్లు పెరిగినయి, సరే. చదివే కండ్లు ఎన్ని పెరిగినయో ఆ లెక్క ఎవడూ తీయలే. 2025 సెప్టెంబరుల కొత్త హెచ్-1బీ అర్జీకి లక్ష డాలర్లు కట్టాలని ట్రంపు హుకుం తీస్తె మా వాడకట్టుల చాల ఇండ్లల్ల ఆ రాత్రి లైట్లు ఆరలే. మా దినాలల్ల వలస పోయినోడు రాకపోతె ఏడుస్తుండ్రి. ఇప్పుడు తిరిగొస్తడేమో అని ఏడుస్తున్నరు.

గద్వాల దిక్కు కత ఇంకో తీరు. గద్వాలంటె మాకు చీర. నూలు చీరకు పట్టు అంచు, కుప్పడం అల్లిక, అగ్గిపెట్టెంత మడత. ఇప్పుడు గద్వాలంటె విత్తన పత్తి. దేశంల యాడ హైబ్రిడ్ పత్తి పెట్టినా అందుల గద్వాల గింజ ఉండే అవకాశమున్నది. మా దినాలల్ల పత్తిపువ్వు సంగతి తుమ్మెదలు చూసుకుంటుండె. ఇప్పుడు సాయంత్రం పూట లేత మొగ్గ ఇప్పి లోపలి పుప్పొడి తిత్తులు గిల్లెయ్యాలె, తెల్లారి మగపువ్వు తెచ్చి దానికి రాయాలె. మొగ్గ మొగ్గకు మనిషి. క్రాసింగ్ పని. కంపెనీ ఆర్గనైజరుకిస్తది, ఆర్గనైజరు రైతుకిస్తడు, రైతు పిల్లల తల్లిదండ్రులకు అడ్వాన్సిస్తడు. చిన్న వేళ్లు, చెట్టంత ఎత్తు అని ఆడపిల్లలను పెట్టిండ్రు. దావులూరి వెంకటేశ్వర్లు ఈ పిల్లల మీద చేసిన పరిశోధన 2003ల నెదర్లాండ్స్ సంస్థ ద్వార అచ్చయింది. అక్కడోళ్లు చదివి, బహుళజాతి కంపెనీలను నిలదీసినంక, ఇక్కడ కంపెనీలు పిల్లలతోని పని వద్దని తోట తోటకు బోర్డులు పెట్టినయి. హాలెండుల చదివితె గద్వాలల కదిలింది. చెడ్డదా? కాదు. ఇంగ్లీషుల రాసినందుకే ఆ పని అయిందని మీరంటె నాకు జవాబు లేదు. కని అదే పుస్తకం అయిజ సంతల తెలుగుల దొరికుంటె, అడ్వాన్సు తీసుకునే తండ్రి ఒక్కడన్న చదివుంటుండె గద?

జూరాల ప్రాజెక్టు నిండినంక, కల్వకుర్తి ఎత్తిపోతల, భీమా, నెట్టెంపాడు నీళ్లు కొంచెం కొంచెం చెరువులకు అందినంక, మా దిక్కు పచ్చబడ్డది. అది కండ్లతోని చూసిన. బొంబాయి పోయినోళ్లల్ల కొందరు ఎనకకు వచ్చి మడి కట్టుకున్నరు. మడి కట్టినంక నాటెయ్య మనుషులు కావాలె. మన పిల్లలు వెయ్యరు, డిగ్రీలు చదివిండ్రు. అట్ల మొదలైంది ఈ ఎదురు వలస. రైసుమిల్లుల బస్తాలు మోసేది బీహారోడు, ఇటుకబట్టీల ఒడిశా వాళ్లు, సెంట్రింగ్ పనిల బెంగాలోడు.

2025 ఫిబ్రవరి 22న మా నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట కాడ ఎస్సెల్బీసీ సొరంగం కూలింది. దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం, శ్రీశైలం నీళ్లు నల్లగొండకు తీస్కపోయేది. లోపల ఎనిమిది మంది చిక్కిండ్రు. ఝార్ఖండ్, పంజాబ్, యూపీ, జమ్మూ కశ్మీర్ నుంచి వచ్చినోళ్లు. వారాల తరబడి తవ్వితె ఇద్దరి శవాలు చేతికొచ్చినయి. అప్పుడు టీవీల ఝార్ఖండ్ నుంచి వచ్చిన తండ్రులను చూపిస్తుండ్రి. భాష రాదు, ఆఫీసరు ఏమంటుండో తెల్వదు, తువ్వాల నోటికి అడ్డం పెట్టుకొని నిలబడ్డరు. మా దినాలల్ల మా తండ్రులు పరాయి డ్యాముల కాడ అట్ల నిలబడేటోళ్లు. అప్పుడు మా శవాలు దిగింది వేరే గడ్డల, ఇప్పుడు వాళ్ల శవాలు దిగింది మా నల్లమలల. మా ఊర్ల హోటలు కాడ ఆ దినాలల్ల ఏం మాట్లాడుకున్నరనుకున్నరు? సొరంగం నీళ్లు ఇంకా లేటయితయని.

ఈ బీహారోళ్లకు కిరాయికి ఇల్లు ఇయ్యరు మావోళ్లు. గోదాముల ఎనక రేకులషెడ్డుల పది పదిహేను మందిని కుక్కుతరు. సెల్లు పోయినా, సైకిలు పోయినా ముందు షెడ్డు వెతుకుతరు. బొంబాయిల, పూనల మమ్మల్ని ఇట్లనే వెతికేటోళ్లని చెప్పిన నోర్లే ఇయ్యి. తోలు మందమయితదేమో మనిషికి, రెండు పంటలు పండంగనే.

మా పక్కూరి సర్కారు బళ్లె పనిచేసే టీచరమ్మ, నా పాత శిష్యురాలే, ఒక దినం బజార్ల ఎదురై ‘సార్, ఈసారి నా క్లాసుల తెలుగుల ఫస్టు ఎవరొచ్చిందో చెప్పండి’ అన్నది. మిల్లు హమాలి బిడ్డనట, బీహారు పిల్ల. గుణింతం తప్పు పోదట, శతక పద్యం గడగడ ఒప్పజెప్తదట. ఊరోళ్ల పిల్లలు పసుపు బస్సులెక్కి ఇంగ్లీషు మీడియం పోయిండ్రు, తెలుగు బడిల మిగిలింది ఇట్లాంటోళ్లు. రేపు సురవరం పుస్తకం విప్పి చదివేది ఆ పిల్లేనేమో. చదవనీ. ఇక్కడి వలస చరిత్ర ఆమె రాస్తె గింత మంచిది ఇంకోటి లేదు, రెండు దిక్కుల సంగతి ఆమెకు తెలుస్తది. మిల్లు మూసి వాళ్ల నాయినను ఇంకో జిల్లాకు తోలకుంటె.

మొన్న నాట్లప్పుడు మా కౌలుదారు మడికి వచ్చిన గుంపును చూడ పోయిన. ఎవరు, ఏ ఊరు, ఇంటికాడ ఏం పంట పండుతది, ముసలోళ్లను ఎవరు చూస్తున్నరు అని అడగాలని చిన్న నోటుబుక్కు గూడ జేబుల పెట్టుకున్న. ఏం లాభం? నా హిందీ ‘కైసా హై’ కాడ ఆగిపాయె, వాళ్ల తెలుగు ‘నీళ్లు’ కాడ ఆగిపాయె. గట్టు మీద గొడుగు కింద కూసున్నడు వాళ్లను తెచ్చినోడు. మనోడే. వాని నాయిన, మా నాయిన ఒకే గుంపుల శ్రీశైలం పోయినోళ్లు. చిన్నప్పుడు పదేండ్లు బొంబాయిల తట్ట మోసి హిందీ నేర్చుకొని వచ్చిండు. ‘ఏం కావాలె సారూ, నన్నడుగు, నేను చెప్త’ అన్నడు. ఇగ అడగలేక నోటుబుక్కు మల్ల జేబుల పెట్టుకున్న. నాతోని తెలుగుల ఎకరం రేటు ఒకటి చెప్పిండు, అటు మల్లి వాళ్లతోని హిందీల ఇంకోటి చెప్పిండు. రోడ్డు మీద కొత్త బొలేరో ఆగున్నది, వానిదే.